ఇల్లు మారుతూ రెండో లైను: ప్రాజెక్టు డైరీ

అనుకున్న పని

ఇల్లు మారుతున్నాం. సామాన్లు సర్దడం, కొత్త ఇంటికి రంగులు వేయించడం ఇంట్లో మిగతావాళ్లు చూసుకుంటున్నారు. ఫోను, ఇంటర్నెట్టు నా వంతు.

ఇప్పటిదాకా ఒకే లైనుతో నెట్టుకొచ్చాం. అది ఆగిందంటే మా ఆయన ఆఫీసు మీటింగు మధ్యలో తెగిపోతుంది, పాప క్లాసు పోతుంది, మా నాన్న ల్యాండ్‌లైన్ మూగబోతుంది. కొత్త ఇంట్లో రెండు లైన్లు ఉండాలని అందరం ఒక మాట మీదకి వచ్చాం. నా దృష్టిలో నెలకి రెండు బిల్లులు వచ్చినంత మాత్రాన రెండు లైన్లు ఉన్నట్టు కాదు. ఒకటి పోయినప్పుడు రెండోది పనిచేస్తేనే అది రెండో లైను. రెండు తీగలూ ఒకే స్తంభం మీద వేలాడుతూ ఒకే కన్నంలోంచి ఇంట్లోకి వచ్చి ఒకే ప్లగ్గు మీద బతుకుతుంటే, లారీ ఒకటి తగిలినా, ప్లగ్గు ఊడినా రెండూ కలిసే పోతాయి. దారి వేరుగా ఉండాలి, కరెంటు వేరుగా ఉండాలి. ఈ పనిలో నేను పట్టుకున్న షరతు ఇదే. ప్రతి అడుగులోనూ ఎవరో ఒకరు దీన్ని సడలించమని అడుగుతారని మొదట్లో ఊహించలేదు.

వరస

ఇల్లు మారేవాళ్లు మామూలుగా పాత లైనుకి షిఫ్టింగ్ పెట్టి ఊరుకుంటారు. పాత ఇంట్లో తీసేసిన రోజుకీ కొత్త ఇంట్లో వచ్చిన రోజుకీ మధ్య ఎంత ఖాళీ ఉంటుందో ఎవరి చేతుల్లోనూ ఉండదు. ఆ ఖాళీయే అసలు టెన్షన్. అందుకని వరస తిరగేశాను. ముందు కొత్త ఇంట్లో వేరే కంపెనీ నుంచి పూర్తిగా కొత్త కనెక్షన్, దాంతో పాటు ఒక కొత్త ఫోన్ నంబరు. అది స్థిరంగా నడుస్తోందని తేలాక మేం మారతాం. ఆ తర్వాతే పాత లైనును నాన్న నంబరుతో సహా కొత్త ఇంటికి రప్పిస్తాం. అప్పుడదే మనకి రెండో లైను అవుతుంది. కొన్నాళ్లు రెండు ఇళ్లలోనూ బిల్లు కట్టాలి. ఆ ఖర్చు నాకు సమ్మతమే.

నాన్న నంబరు గురించి ఒక మాట. రాగి తీగల కాలంలో ల్యాండ్‌లైన్ నంబరు ఎక్స్ఛేంజికి కట్టుబడి ఉండేది. వేరే ఎక్స్ఛేంజి పరిధిలోకి ఇల్లు మారితే నంబరు కూడా మారిపోయేది. ఇప్పుడు చాలాచోట్ల మాట కూడా డేటాగానే వెళ్తుంది కాబట్టి నంబరును కొత్త చిరునామాకి తీసుకెళ్లడం సాంకేతికంగా తేలిక. కానీ అందుకు కంపెనీ ఒప్పుకోవాలి. షిఫ్టింగ్ అర్జీ పెట్టకముందే ఈ సంగతి అడిగి, నంబరు మారదని రాతపూర్వకంగా తెప్పించుకున్నాను. ఫోన్లో చెప్పిన మాటను తర్వాత ఎవరూ ఒప్పుకోరు. బంధువులందరికీ నోటికొచ్చిన నంబరది. నాన్నకి అది పోతే ఎలా ఉంటుందో నాకు తెలుసు.

స్తంభాల వెంట

కొత్త ఇంటి తాళాలు చేతికి రాగానే వీధిలో నడవడంతో మొదలుపెట్టాను. తల పైకెత్తి తీగలు చూడటమే పని. ఫైబర్ తీగ, అంటే డేటాను వెలుగుగా మోసే గాజు తీగ, సన్నగా, నల్లగా, కాస్త చదునుగా ఉంటుంది. పక్కనే బరువు మోయడానికి ఒక ఉక్కు తీగ అంటి ఉంటుంది. స్తంభం మీద టిఫిన్ డబ్బా అంత పెట్టె కనిపిస్తే అది స్ప్లిటరు ఉన్న చోటు కావచ్చు. అక్కడ ఒక తీగలో వచ్చిన వెలుగు పది ఇళ్లకో ముప్ఫై ఇళ్లకో పంచుకుపోతుంది.

ఇంటి ముందు వీధిలో రెండు కంపెనీల తీగలూ ఒకే స్తంభాల మీద సాగుతున్నాయి. కొత్త కంపెనీ డబ్బా సరిగ్గా మా గేటు ఎదురుగానే ఉంది. పాత కంపెనీ వాళ్లదైతే వెనక సందులో ఇంకొకటి కనిపించింది. వంటింటి గోడకి అది మరీ దూరం కాదు. ఆ డబ్బా చూశాక పథకం ఖాయమైంది. మొదటి లైను ముందు నుంచి, రెండోది వెనక నుంచి. వీధి దాటాక రెండు కంపెనీల పెద్ద కేబుళ్లూ ఎక్కడైనా ఒకే గొట్టంలో కలుస్తాయా అన్నది మన చేతుల్లో లేని విషయం. మన చేతుల్లో ఉన్నంత మేరకైనా విడిగా ఉంచాలి.

గోడకి కన్నాలు పెట్టడానికి ఇంటి ఓనరుతో ముందే మాట్లాడాను. ఎక్కడెక్కడ, ఎంత లావు, ఖాళీ చేసేటప్పుడు ఎలా పూడుస్తాం అన్నీ చెప్పాక ఆయన ఒప్పుకున్నారు. తీగ మోసుకొచ్చిన మనిషిని గుమ్మంలో నిలబెట్టి అనుమతి అడిగే పరిస్థితి రాకూడదు.

పెట్టె ఎక్కడ

టెక్నీషియన్ వచ్చాక "మేడమ్, ఎక్కడ పెట్టమంటారు?" అని అడిగితే అప్పటికప్పుడు తలుపు పక్కన చూపించేస్తాం. వైఫై మాత్రం ఇంటి మధ్యలోంచి అయితేనే అన్ని గదులకీ సమంగా అందుతుంది. 5 గిగాహెర్ట్జ్ సిగ్నలుకి వేగం ఎక్కువ, గోడ అడ్డొస్తే మాత్రం నీరసిస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్ నిదానమే గానీ గోడలు దాటుతుంది. ఫైబర్‌లో వచ్చే వెలుగును ఇంటర్నెట్టుగా మార్చే పెట్టెను తీగ ఇంట్లోకి వచ్చే చోటే ఉంచి, రౌటర్‌ను హాలు మధ్యలో ఉన్న అలమర మీదకి చేర్చాలని నిర్ణయించాను. రెండింటి మధ్య క్యాట్-6 రకం నెట్‌వర్కు కేబులు. అది 100 మీటర్ల వరకు గిగాబిట్ వేగం మోస్తుంది కాబట్టి ఇంట్లో దూరం గురించి ఆలోచించక్కర్లేదు. రంగులు వేయకముందే గోడ అంచు వెంట పైపు బిగించి రెండు కేబుళ్లు లాగించాను. ఒకటి ముందు గది నుంచి, ఒకటి వంటింటి వైపు నుంచి. రంగుల తర్వాత అయితే ఈ పని ఎవరూ చెయ్యనివ్వరు.

తీగ అతికిన రోజు

ఈ రోజు గురించి కాస్త ఎక్కువే రాస్తాను. చూడటానికి అంత బాగుంది.

వచ్చినవాడు కుర్రాడు. చేతిలో చిన్న పెట్టె, భుజాన తీగ చుట్ట. ముందు కన్నం వేశాడు. లోపలి నుంచి బయటికి కొంచెం కిందికి వాలుగా వేయమన్నాను, వాననీళ్లు లోపలికి నడవకుండా. తీగ కూడా కన్నంలోకి వచ్చేముందు ఒకసారి కిందికి జారి మళ్లీ పైకి లేవాలి. నీటిచుక్కలు ఆ వంపు దగ్గరే రాలిపోతాయి. "అలాగే వేస్తాం మేడమ్, వెయ్యకపోతే మళ్లీ నేనే రావాలి కదా" అన్నాడు. పని తెలిసినవాడని అప్పుడే అర్థమైంది.

తర్వాత కింద కూర్చుని తీగ తొక్క తీశాడు. పైపొర, దాని కింద రంగు పూత, ఆ లోపల గాజు. పూతంతా పోయాక మిగిలేది 125 మైక్రాన్ల మందం. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మన వెంట్రుక కూడా కొంచెం అటూఇటుగా అంతే ఉంటుంది. వెలుగు నిజంగా నడిచే భాగం అందులో 9 మైక్రాన్లే. స్పిరిట్ అద్దిన గుడ్డతో దాన్ని తుడిచినప్పుడు చిన్నగా కీచుమంది. ఆ చప్పుడు వస్తేనే గాజు శుభ్రపడినట్టని చెప్పాడు. ఒక బిగింపులో పెట్టి మీట నొక్కితే కొస తిన్నగా తెగింది. రెండు కొసలనూ అతికించే మిషనులో ఎదురెదురుగా పెట్టి మూత వేశాడు. చిన్న తెర మీద రెండు బూడిదరంగు దుంగల్లా కనిపించాయి. మిషను వాటిని తనంతట తనే జరిపి వరసలో పెట్టింది. ఒక్క మెరుపు. తెర మీద గీత మాయమై రెండూ ఒకటయ్యాయి. నష్టం 0.02 డెసిబెల్ అని చూపించింది. సన్నటి ఉక్కు పుల్ల ఉన్న తొడుగును అతుకు మీదకి జరిపి వేడి చేస్తే అది బిగుసుకుపోయింది. తెగిన గాజు ముక్కల్ని ఒక్కొక్కటీ టేపుకి అంటించి డబ్బాలో వేశాడు. అవి కంటికి సరిగ్గా ఆనవు, కాలిలో దిగితే బయటికి రావు. పాపని ఆ గదిలోకి రానివ్వలేదు.

కనెక్టరు ఆకుపచ్చది. దాని కొస 8 డిగ్రీల వాలుగా చెక్కి ఉంటుంది. నీలం రంగుది నేరుగా ఉంటుంది. ఒకదాన్ని ఇంకొకదానికి గుచ్చితే మధ్యలో సందు మిగిలి వెలుగు పోతుంది. కొసను ఎప్పుడూ కంటికి ఎదురుగా పెట్టుకుని చూడకూడదు. అందులో నడిచేది కంటికి కనిపించని పరారుణ కాంతి.

మీటరు పెడితే −19.4 డీబీఎం వచ్చింది. అది వెలుగు బలానికి కొలత, సున్నా నుంచి ఎంత కిందికి పోతే వెలుగు అంత తక్కువ. ఈ రకం లైన్లలో మన పెట్టె −8 నుంచి −27 మధ్య వెలుగును అందుకోగలదు. 32 ఇళ్లకి పంచే స్ప్లిటరు ఒక్కటే దాదాపు 17 డెసిబెళ్లు మింగేస్తుంది. ఆ లెక్కన ఈ అంకె ఆరోగ్యంగానే ఉంది. కిటికీ మూల దగ్గర తీగను మేకు బిగించి గట్టిగా వంచాక మళ్లీ పెట్టించాను. −23 చూపించింది. 3 డెసిబెళ్లు తగ్గితే వెలుగు సగం పోయినట్టు. ఒక్క వంపుకి అంత! మేకు తీసి వంపును వెడల్పు చేయగానే −19.6కి వచ్చింది. ఆ అంకెను పెట్టె మూత మీద మార్కరుతో రాసిపెట్టాను. రేపు ఎప్పుడైనా నెట్ నిదానిస్తే ముందు చూడాల్సింది దాన్నే.

ఫోను సంగతి

కొత్త పెట్టె వెనకే ఫోను గుచ్చే చోటు ఉంది. గుచ్చగానే డయల్ టోన్ వచ్చింది, రెండో నంబరు మోగింది. నాన్న మాత్రం ఒక ప్రశ్న వేశారు. "కరెంటు పోతే ఇది మోగుతుందా?"

అడగాల్సిన ప్రశ్నే. పాత రాగి లైనులో ఎక్స్ఛేంజి నుంచే 48 వోల్టులు తీగలో వచ్చేవి. ఇంట్లో కరెంటు లేకపోయినా మామూలు ఫోను మోగేది. గాజు తీగ కరెంటు మోయదు. పెట్టె ఆగితే ఫోను ఆగుతుంది. అర్ధరాత్రి ఎవరికైనా బాగాలేకపోతే ల్యాండ్‌లైన్ పనిచేయాలి కదా. కాబట్టి బ్యాటరీ ఐచ్ఛికం కాదు, ఫోనులో భాగమే.

అడాప్టర్ల మీద రాసి ఉండేది గరిష్ఠం మాత్రమే. ప్లగ్గుకి తగిలించే మీటరుతో కొలిస్తే పెట్టె 6 వాట్లు, రౌటరు 8 వాట్లు లాగుతున్నాయి. 12 వోల్టుల 7 యాంపియర్ అవర్ బ్యాటరీలో 84 వాట్ అవర్లు ఉంటాయి. 14తో భాగిస్తే కాగితం మీద ఆరు గంటలు. నష్టాలు పోను, బ్యాటరీని అడుగంటా పీల్చకుండా ఆపితే నాలుగు గంటలు నమ్మకంగా వస్తుంది. రెండో లైను పెట్టెకి విడిగా చిన్న బ్యాటరీ తీసుకున్నాను. అన్నీ ఒకే బ్యాటరీకి తగిలిస్తే సరిపోతుంది కదా అని దుకాణంలో అన్నారు. ఆ బ్యాటరీ ఉబ్బిపోయిన రోజున రెండు లైన్లూ కలిసి పోతాయి. నేను తప్పించాలనుకున్నది సరిగ్గా దాన్నే.

ఫోను తగిలించేముందు కార్డ్‌లెస్ ఫోను సంగతి కూడా చూసుకోవాలి. దాని బేసుకి విడిగా కరెంటు కావాలి. నాన్న గదిలో వైరున్న మామూలు ఫోనే పెట్టాను.

పాత లైను రాక

మారిపోయాం. కొత్త లైను కుదురుగా నడుస్తోంది. షిఫ్టింగ్ అర్జీ పెట్టాను. ఆ తర్వాత జరిగింది రాయకుండా ఉండలేను. కొత్త ఇంటికి తీగ రాకముందే, మనిషి కూడా రాకముందే, "మీ షిఫ్టింగ్ పూర్తయింది" అని మెసేజీ వచ్చింది. పాత ఇంట్లో లైను ఆ రోజే ఆగింది. ఫోన్ చేస్తే "మా దగ్గర పూర్తయినట్టే చూపిస్తోంది" అని అదే మాట పాడారు. పని జరగకుండానే అర్జీని మూసేస్తే అడిగే దారి కూడా మూసేసినట్టే. ఇది మనుషుల్ని అవమానించడమే. రోజూ అలా మూతపడే అర్జీల వెనక మాకున్నట్టు రెండో లైను లేని ఇళ్లెన్నో ఉంటాయి. వాళ్ల పని, వాళ్ల మందుల ఆర్డరు, వాళ్ల పిల్లల పరీక్ష అన్నీ ఆ ఒక్క తీగ మీదే ఉంటాయి. రాతపూర్వకంగా తెచ్చుకున్న హామీ, మెసేజీ వచ్చిన సమయం, ఖాళీ గోడ ఫొటో కలిపి ఫిర్యాదు పెట్టాను. పై అధికారి దాకా వెళ్లాకే అర్జీ మళ్లీ తెరిచారు. ఈలోగా ఇంట్లో ఎవరి పనీ ఆగలేదు. వరస తిరగేసినందుకు దక్కిన ఫలితమది.

తీగ వేయడానికి వచ్చిన పెద్దాయన ముందు వీధి స్తంభం నుంచే లాగుతానన్నాడు. కన్నం కూడా రెడీగా ఉంది, దగ్గర కూడా. "అమ్మా, వెనక సందులోంచి అయితే నిచ్చెన రెండుసార్లు మార్చాలి" అన్నాడు. ఎందుకు వెనక నుంచే కావాలో చెప్పాను. ఈ వీధిలో స్తంభం పడితే ఇద్దరి తీగలూ తెగుతాయి కదా, అప్పుడు రెండో లైనుకి అర్థమేముందని అడిగాను. కాసేపు వీధి వైపు చూసి, "నిజమే, పోయినసారి చెట్టు పడితే అన్నీ కలిసే తెగాయి" అంటూ నిచ్చెన తీసుకుని వెనక్కి నడిచాడు. నిచ్చెన మా ఆయన పట్టుకున్నారు. తీగ వంటింటి గోడలోంచి లోపలికి వచ్చింది. మీటరు −21.3.

నాన్న నంబరుకి సెల్ నుంచి ఫోన్ చేశాను. మోగింది.

దాని మీదే ఇంకో పని చేయించాను. ఆ నంబరు అందకపోతే కొత్త లైను నంబరుకి కాల్ మళ్లించమని కంపెనీ వైపే పెట్టించాను. మన పెట్టెలో పెట్టుకునే ఫార్వర్డింగ్ ఆ పెట్టె ఆగిపోతే పనిచేయదు. వాళ్ల సర్వర్‌లో పెడితే మన ఇంట్లో తీగ తెగినా కాల్ దారి మార్చుకుని వస్తుంది.

రెండూ ఒకచోట

రెండు లైన్లు తీసుకునే రౌటర్ ఒకటి కొన్నాను. రెండు పెట్టెలూ కంపెనీ నుంచి 192.168.1.1 అనే చిరునామాతోనే వచ్చాయి. రెండు వైపులా ఒకే చిరునామా ఉంటే రౌటర్ ఎటు పంపాలో తేల్చుకోలేదు. మొదటిదాన్ని బ్రిడ్జి మోడ్‌లో, అంటే వచ్చిందాన్ని అలాగే రౌటర్‌కి దాటించేలా పెట్టాను, లాగిన్ పని రౌటరే చూస్తుంది. రెండోదాన్ని 192.168.2.1కి మార్చి, రౌటర్ మోడ్‌లోనే ఉంచాను. ఇంటి లోపలి చిరునామాలు 192.168.10తో మొదలయ్యేలా పెట్టాను.

రెండు లైన్లనీ కలిపి వేగం రెట్టింపు చేయొచ్చని చాలామంది అనుకుంటారు. ఇలాంటి రౌటర్‌లో ఒక వీడియో కాల్ ఒక లైను మీదే నడుస్తుంది. పనులు రెండింటికీ పంచితే ఇంకో చిక్కుంది. బ్యాంకు సైటుకి ఒక పేజీ ఒక చిరునామా నుంచి, తర్వాతి పేజీ ఇంకో చిరునామా నుంచి వెళ్తే అది అనుమానించి బయటికి తోసేస్తుంది. నాకు కావాల్సింది ధీమా, వేగం కాదు. కాబట్టి మొదటిది నడుస్తుంటే అన్నీ దాని మీదే, అది పోతేనే రెండోది.

మొదటిది పోయిందని రౌటర్‌కి ఎలా తెలియాలన్నది ఇక్కడ కీలకం. వీధిలో ఫైబర్ తెగినా, పెట్టెకీ రౌటర్‌కీ మధ్య కేబులు బాగానే ఉంటుంది, దీపం వెలుగుతూనే ఉంటుంది. కేబులును మాత్రమే చూసే రౌటర్ అంతా బాగుందనుకుంటుంది. అందుకని కొన్ని సెకన్లకోసారి బయటి చిరునామాలను పలకరించి చూడమని పెట్టాను. క్లౌడ్‌ఫ్లేర్ వాళ్ల 1.1.1.1 ఒకటి, గూగుల్ వాళ్ల 8.8.8.8 ఇంకొకటి. రెండూ వరసగా పలకకపోతేనే లైను మార్చాలి. ఒక్కదాన్నే నమ్మితే అటువైపు తడబాటుకి మనం లైను మార్చుకుంటాం.

రెండో లైనుకి వచ్చిన చిరునామా 100.72తో మొదలైంది. 100.64 నుంచి 100.127 వరకు ఉన్న చిరునామాలను కంపెనీలు చాలా ఇళ్లకి కలిపి ఒకే బయటి చిరునామా వాడటానికి 2012లో కేటాయించారు. ఆ లైను మీద బయటి నుంచి ఇంటి కెమెరాని నేరుగా తెరవడం కుదరదు. అత్యవసరానికి పెట్టుకున్న లైను కాబట్టి ఫరవాలేదు.

మధ్యలో రౌటర్ ఒక్కటే కదా, అది పోతే? అందుకే రెండో పెట్టె వైఫైని వేరే పేరుతో బతికి ఉంచాను. రౌటర్ మొత్తం ఆగినా ఫోన్లు, ల్యాప్‌టాపులు ఆ పేరు పట్టుకుంటాయి. దాని పాస్‌వర్డు అందరి ఫోన్లలోనూ ముందే ఎక్కించాను.

పీకి చూడటం

పరీక్ష చేసేటప్పుడు పెట్టె ప్లగ్గు పీకితే సగమే తెలుస్తుంది. నిజంగా జరిగేది ఫైబర్ తెగడం. మా ఆయన వీడియో కాల్‌లో ఉండగా, ఆయనకి చెప్పే, ఆకుపచ్చ కనెక్టరును నెమ్మదిగా బయటికి లాగి మూత తొడిగాను. ఎర్ర దీపం వెలిగింది. బొమ్మ గడ్డకట్టింది. కాసేపటికి కాల్ దానంతట అదే మళ్లీ కలిసింది. బయటి చిరునామా మారుతుంది కాబట్టి ఆ చిన్న కుదుపు తప్పదు. తిరిగి గుచ్చాక వెంటనే మొదటి లైనుకి దూకకుండా కొన్ని నిమిషాలు ఆగమని రౌటర్‌లో పెట్టాను. సగం బాగుపడిన లైను వస్తూ పోతూ ఉంటే దాంతో పాటు మన కాల్ కూడా ఊగుతుంది.

తర్వాత మెయిన్ స్విచ్ కట్టేశాం. రెండు నంబర్లూ మోగాయి. పాప చీకట్లో ఒక ఫోను నుంచి ఇంకో ఫోనుకి చేసి మా నాన్నతో మాట్లాడింది.

రెండో పెట్టె తీగ కూడా పీకాను. నాన్న నంబరుకి చేసిన కాల్ కొత్త నంబరు మీద మోగింది.

మిగిలినవి

పాత ఇంట్లోని పెట్టె తిరిగి ఇచ్చి రసీదు తీసుకోవాలి. దాని సీరియల్ నంబరు రసీదు మీద ఉండేలా చూడాలి. లేకపోతే తర్వాత ఎప్పుడో పరికరం ధర బిల్లులో తగులుతుంది. వెనక సందు తీగ మామిడి కొమ్మకి రాసుకుంటోంది. పెద్దాయన నంబరు తీసుకున్నాను, వానలు మొదలయ్యేలోపు కొంచెం పైకి ఎత్తి కడతానన్నాడు. బ్యాటరీలు కొన్న తేదీలు వాటి మీదే రాశాను. నెలకోసారి మెయిన్ కట్టేసి చూసే పని నాన్న తీసుకున్నారు.